ఏడిస్తే సాక్ష్యం పోతుందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యే ముందు దుఃఖం గురించి ఉత్తరాలు రావడం మామూలే. ఈసారి ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాటిలో కొన్నింటిని ఒకచోట చేర్చాం. రాసినవారి పేర్లు తీసేసి ఊరు మాత్రం ఉంచాం. ఉత్తరం ఎంత పొడుగున్నా అడిగిన ముక్క వరకే ఇస్తున్నాం.

ప్రశ్న (ఒంగోలు): నా భర్త పోయి నాలుగు నెలలు. భూస్థాపన రోజున సంఘంలోని అక్కయ్యలు ‘ఏడవొద్దమ్మా, అన్యుల్లాగా ఏడిస్తే సాక్ష్యం పోతుంది, ఆయన మహిమలోకి వెళ్లాడు’ అన్నారు. అందరి ముందూ స్తోత్రం చెప్పాను. ఇప్పుడు మోకాళ్లేస్తే మాట రావడం లేదు. ‘స్తోత్రం ప్రభువా’ అని అక్కడే ఆగిపోతున్నా. నా విశ్వాసం పోయిందంటారా?

జవాబు: పోలేదమ్మా. మీ గొంతులో ముందు రావలసిన మాట ఒకటి అడ్డం పడి ఉంది. దాన్ని రానివ్వకుండా వెనకున్న స్తోత్రాన్ని లాగుతున్నారు, అందుకే రావడం లేదు.

ముందు ఆ ‘ఏడవొద్దు’ సంగతి తేల్చుకుందాం. వాళ్లు చూపించే వాక్యం 1 థెస్సలొనీకయులకు 4:13. అక్కడున్నది ‘నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అని. అందులో ‘వలె’ను మింగేసి చదివితే అసలు దుఃఖమే కూడదని వస్తుంది. మింగకుండా చదివితే, నిరీక్షణ ఉన్నవాళ్లు దుఃఖపడే తీరు వేరుగా ఉంటుందని వస్తుంది. స్తెఫనును రాళ్లతో కొట్టి చంపినప్పుడు భక్తిగల మనుషులే సమాధి చేసి, అతని గురించి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8:2లో ఉంది. పరలోకం తెరుచుకోవడం చూశానని చెప్పి కన్నుమూసినవాడి కోసం కూడా అలా ఏడ్చారు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసే యేసు కన్నీళ్లు విడిచాడు. కొడుకును పోగొట్టుకున్న నాయీను విధవరాలితో ‘ఏడువవద్దు’ అన్నాడు కదా అనేవాళ్లున్నారు. అన్నాడు. అని, పాడెను ముట్టి, ఆ పిల్లవాణ్ణి లేపి తల్లికి అప్పగించాడు. అలా అప్పగించగలిగినవాళ్లు ఎవరైనా మీ ఇంటికొచ్చి ఏడవొద్దంటే అప్పుడు మానేయండి.

ఇక ప్రార్థన. 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలే. మీరు 13వ కీర్తనతో మొదలుపెట్టండి, ఆరే వచనాలు. మొదటి మాటే పిలుపు: ‘యెహోవా’. ఆ వెంటనే, మర్యాదలేవీ లేకుండా, మొర: ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ ఎంతవరకు, ఎంతవరకు అని రెండు వచనాల నిండా అదే ప్రశ్న. 3, 4 వచనాల్లో విన్నపం: నామీద దృష్టి ఉంచు, నాకు ఉత్తరమియ్యి. 5వ వచనం ‘నేనైతే’ అని మొదలవుతుంది. అప్పటికి శత్రువు పోలేదు, జవాబు రాలేదు, బయట ఏమీ మారలేదు. అయినా ‘నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను’ అంటాడు. పిలుపు, మొర, విన్నపం, నేనైతే. ఈ నాలుగూ గుర్తుంటే చాలు.

ఒక రూళ్ల నోటుబుక్కు పెట్టుకోండి. రోజుకు ఇరవై నిమిషాలు, అంతకు మించొద్దు. పొద్దుగూకే వేళ మంచిది. ‘రేయి మొదటి జామున’ మొఱ్ఱపెట్టమని విలాపవాక్యములు 2:19 చెబుతోంది. పక్క మీదకు చేరాక మొదలుపెడితే నిద్ర చెడుతుంది. ముందు కీర్తనను ఒకసారి పైకి చదవండి. తర్వాత ఒక్క వరుసలో పిలుపు. ఆ తర్వాత ఐదారు వాక్యాల్లో మొర. ఇక్కడే చాలామంది తడబడతారు. ‘నా జీవితం చీకటైపోయింది’ లాంటి మాటలు రాస్తారు. అవి ఎవరి జీవితానికైనా సరిపోతాయి కాబట్టి మనసు కదలదు. కంటికి కనబడేవి రాయండి. ఉదాహరణకు ఇలా:

‘తండ్రీ, నేనే. నాలుగు నెలలైంది. ఆయన చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి, తీసెయ్యమని పిల్లలంటున్నారు. పింఛను కాగితంలో వితంతువు అన్నచోట టిక్కు పెట్టమంటే పెట్టి వచ్చాను. ఐసీయూ బయట కూర్చుని నీకెంత మొరపెట్టుకున్నానో నీకు తెలుసు. విన్నావా? వింటే ఎందుకు ఊరుకున్నావు? రాత్రి రెండింటికి మెలకువ వస్తే పక్కకు తిరగాలంటే భయమేస్తోంది. రేపు బ్యాంకుకు వెళ్లాలి. అక్కడ నా గొంతు పూడుకుపోకుండా చూడు. నేనైతే నీతోనే అంటున్నాను, ఇంకెవరితోనూ ఈ మాట అనలేదు.’

విన్నపం ఒక్కటే ఉంది, అదీ రేపటికి సరిపడా. చివర స్తోత్రం అన్న మాట లేదు, కానీ ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆమెకు తెలుసు. ‘నేనైతే’కి అంత చాలు.

రెండు చోట్ల ఇది దెబ్బతింటుంది. ఒకటి, రాస్తూ రాస్తూ ‘దేవుడు నాకిలా చేశాడు’ అనే వరసలోకి జారిపోవడం. అప్పుడు మీరు ఆయనతో మాట్లాడటం మానేసి ఆయన గురించి మీలో మీరు చెప్పుకుంటున్నట్టు. ఆ వాక్యాన్ని కొట్టేసి ‘నువ్విలా చేశావు’ అని తిరిగి రాయండి. వినడానికి కటువుగా ఉంటుంది, ప్రార్థన మాత్రం అదే. రెండోది, రెండో వరుసకే ‘అయినా నీ చిత్తమే మంచిది’ అని దూకడం. అలా దూకిన రోజున మిగతాదంతా గొంతులోనే ఉండిపోతుంది.

‘నేనైతే’ రాని రోజులుంటాయి. 88వ కీర్తన ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని అక్కడే ఆగిపోతుంది. దానికి మంచి ముగింపు కలపాలని ఎవరికీ అనిపించలేదు, అలాగే మన చేతికిచ్చారు. మీరూ ఆగిపోండి. పుస్తకం మూసి, మొహం కడుక్కుని, ఒక గ్లాసు నీళ్లు తాగి, చేతికి పని చెప్పండి. బియ్యం ఏరడమో బట్టలు మడతపెట్టడమో చాలు. వారానికొకసారి నమ్మకమైన ఒక మనిషికి ఒక పేజీ చదివి వినిపించండి. రాయడం రానివాళ్లు చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి నాలుగు వేళ్ల మీద నాలుగు భాగాలు చెప్పుకోవచ్చు. బొటనవేలికి ఆమేన్.

ప్రశ్న (సింగరాయకొండ): హైవే మీద బైకును లారీ గుద్ది మా తమ్ముడు పోయాడు. ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అని ఉంది కాబట్టి దీనికీ స్తోత్రం చెప్పమంటున్నారు. నాకు దేవుని మీద, ఆ డ్రైవర్ మీద కోపం తప్ప ఏమీ రావడం లేదు. అరణ్యంలో సణిగినవాళ్లకు ఏమైందో చూడమని కూడా అన్నారు.

జవాబు: ‘విషయమునందును’ అంటే ఆ విషయంలో ఉన్నప్పుడు కూడా అని. ఆ విషయం జరిగినందుకు అని కాదు. ఎఫెసీయులకు 5:20లో ‘సమస్తమునుగూర్చి’ అని ఉంది కదా అని అడగొచ్చు. ఆ మాట రాసిన పౌలే మరణాన్ని ‘కడపటి శత్రువు’ అన్నాడు. తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు తప్పి బతికాడు కాబట్టి తనకు దుఃఖం మీద దుఃఖం కలగలేదని ఫిలిప్పీయులకు చెప్పుకున్నాడు. ఎపఫ్రొదితు పోయి ఉంటే పౌలు సంబరంగా స్తోత్రం చెప్పేవాడని ఆ ఉత్తరం చదివినవాళ్లెవరూ అనుకోరు. శత్రువు చేసిన పనికి కృతజ్ఞత చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టనక్కరలేదు. తమ్ముడు మీకు దొరికిన ఆ ఇన్నేళ్లకు చెప్పగలిగిన రోజున చెప్పండి.

సణుగుడు వేరు, మొర వేరు. అరణ్యంలో వాళ్లు ‘తమ గుడారములలో’ సణుక్కున్నారని 106వ కీర్తన అంటుంది. ఆయనకు వీపు తిప్పి, తమలో తాము, వెనక్కి ఐగుప్తుకు పోదామని. యోబు మాటలు వాళ్ల మాటలకంటే ఎన్నో రెట్లు ఘాటుగా ఉన్నాయి. పుట్టిన దినాన్నే శపించాడు. కానీ మొహం ఇటే తిప్పి అన్నాడు. చివరికి 42:7లో దేవుడు తప్పుపట్టింది దేవుని పక్షాన చక్కటి ఉపన్యాసాలిచ్చిన స్నేహితుల్ని. యోబు పలికిందే యుక్తమైనదన్నాడు. మీకు ఉపదేశం చేస్తున్నవాళ్లకు ఆ అధ్యాయం చూపించండి, కాస్త మర్యాదగానే.

డ్రైవర్ మీద కోపానికి 109వ కీర్తన ఉంది. గుడిలో చదవడానికి జంకే కీర్తన అది. దాన్ని తలుపేసుకుని చదివి, అనాలనుకున్న శాపనార్థాలన్నీ దేవుని ముందే అనేయండి. వాట్సాప్‌లో పెట్టొద్దు, లారీ ఓనరు ఇంటి మీదకు పోవద్దు. పగ తీర్చే పని ఆయన చేతిలో పెట్టాక పోలీసు కేసు, నష్టపరిహారం పిటిషన్ మానుకోవాలేమోనని కొందరికి అనుమానం. మానుకోనక్కరలేదు. న్యాయాధిపతి గడప తొక్కడం మానని విధవరాలి ఉపమానం చెప్పింది యేసే.

ప్రశ్న (కావలి దగ్గరి ఒక పాళెం నుంచి, సంఘకాపరి): మా చిన్న సంఘంలో ఆరు నెలల్లో ఐదుగురు పోయారు. ఇద్దరు సముద్రంలోకి చేపల వేటకెళ్లి తిరిగిరానివాళ్లు, ఒకరి శరీరం దొరకనే లేదు. భూస్థాపన లేకపోవడంతో ఆ ఇంట్లో ఆదరణ కూడిక కూడా జరగలేదు. శుక్రవారం ఉపవాస కూడిక బదులు అందరం కలిసి మొరపెట్టే కూడిక ఒకటి పెడదామనుకుంటున్నాను. క్రమం చెప్పగలరా?

జవాబు: అయ్యగారూ, మంచి ఆలోచన. మన రెండు జిల్లాల సంఘాలు ఇలాంటి రాత్రుల్లోంచి వచ్చినవే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీలు జ్యువెట్ దంపతులతో కలిపి ఐదుగురు మోకరించిన సంగతి అందరూ చెబుతారు. 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న లెక్క పిల్లలకు కూడా నోటికొచ్చు. ఆ లెక్కకు ముందు 1876–78 కరువుంది. ఆకలికి బకింగ్‌హామ్ కాలువ పనిలో మట్టి తవ్విన జనం వాళ్లు. వార్షికోత్సవాల్లో 2,222 వినిపించినంతగా ఆ ఆకలి వినిపించదు. మన కూడికల్లో మొరకు చోటు తగ్గిపోవడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమేనని మా అభిప్రాయం.

క్రమానికి ముందు చేయాల్సింది ఎక్కువ. ఐదిళ్లకూ మీరే వెళ్లండి. పోయినవారిని ఇంట్లో ఏమని పిలిచేవారో అడిగి రాసుకోండి. వారి గురించి ఆ ఇంటివాళ్లు చెప్పే ఒక్క వాక్యం తీసుకోండి, ‘వల అల్లితే ముడి జారేది కాదు’ లాంటిది. కూడికలో ఎవరూ నిలబడి సాక్ష్యం చెప్పనక్కరలేదని ముందే మాట ఇవ్వండి. నీళ్లు, అలలు ఉన్న వాక్యాలు చదవొచ్చా అని కూడా అక్కడే అడగండి. 69వ కీర్తనలో ‘జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి’ అన్న మాట ఒక తల్లికి తన గుండెలోదే అనిపిస్తుంది, ఇంకో తల్లిని లేచి వెళ్లిపోయేలా చేస్తుంది. తుపాను నిమ్మళించిన 107వ కీర్తన మాత్రం ఆ రాత్రి వద్దు. వాళ్లకు నిమ్మళించలేదు.

చాపలు గుండ్రంగా వేయండి, స్టేజీ వద్దు. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క సరైన పని ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చోవడం. బయటి హారన్ స్పీకర్లు కట్టేయండి. కీబోర్డు, డోలక్, చప్పట్లు ఉండవు. రెండు పాటలు, నెమ్మదిగా సాగేవి, అందరికీ నోటికొచ్చినవి.

మొదటి ఐదు నిమిషాలు మౌనం. ఓదార్చుకోవడానికి రాలేదు, మొరపెట్టడానికి వచ్చామని మీరొక్క మాట చెప్పండి. తర్వాత పది నిమిషాలు 80వ కీర్తన. ఇది ఎంచుకోవడానికి కారణం ఉంది: 3, 7, 19 వచనాల్లో పల్లవిలా ఒకే విన్నపం తిరిగి వస్తుంది, చదువు రానివాళ్లు కూడా రెండోసారికి అందుకుంటారు. మీరు చదవండి, పల్లవి దగ్గర సంఘమంతా చెప్పాలి. తర్వాత ఒక పాట.

ఆ తర్వాత పేర్లు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ఐదుగురికి ఇరవై. పేరు, ఆ ఒక్క వాక్యం, ఒక నిమిషం పూర్తి మౌనం, ఆపైన అందరూ కలిసి ‘ప్రభువా, ఎంతవరకు?’ నిమిషం మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, పాస్టర్లకు మరీనూ. గడియారం చూసుకుని ఆగండి, మధ్యలో ‘హల్లెలూయ’తో పూరించొద్దు.

తర్వాత పదిహేను నిమిషాలు సంఘపు మొర. మనవాళ్ల అలవాటు ఒక్కసారిగా అందరూ పైకి ప్రార్థించడం. ఆ హోరులో గొంతు పెద్దదైనవాళ్లదే వినిపిస్తుంది, దెబ్బ తిన్నవాళ్లు నోరు మూసుకుంటారు. అందుకని ఒక్కొక్కరు ఒక్కో వాక్యమే, అదీ దేవునితో. ఎవరైనా ‘ఆయన చిత్తం’ అంటూ ఉపన్యాసం ఎత్తుకుంటే మృదువుగా ‘ఒక్క వాక్యం, అయ్యా’ అనండి.

చివర పది నిమిషాలు విలాపవాక్యములు 3:19 నుంచి 33 వరకు చదవండి. ప్రసంగం వద్దు, చదివితే చాలు. ‘అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది’ అన్నది క్యాలెండర్ల మీదకెక్కిన వాక్యం, కానీ పుస్తకంలో అది ముగింపు కాదు. ఐదు అధ్యాయాల్లో నడిమి అధ్యాయంలో ఉంది, ఆ తర్వాత మళ్లీ ఏడుపే. ఆ పుస్తకంలో నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరసలో కట్టినవి. మన లెక్కలో చెప్పాలంటే ‘అ’ నుంచి ‘ఱ’ దాకా, ఏ బాధనూ వదలకుండా. ఐదో అధ్యాయంలో 22 వచనాలున్నా ఆ వరస చెదిరిపోతుంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయినవాడికి అక్షరాలు కూడా వరసలో నిలవవు కాబోలు.

చివరి ఐదు నిమిషాలు రెండో పాట, ప్రభువు నేర్పిన ప్రార్థన. మాట్లాడకుండా ఇళ్లకు. మొత్తం అరవై ఐదు డెబ్బై నిమిషాల్లో అయిపోతుంది.

ఎక్కడ చెడుతుందంటే: యూట్యూబ్ లైవ్ పెట్టినప్పుడు, మన ఫొటో పోయినవారి ఫొటోకంటే పెద్దగా ఉన్న ఫ్లెక్సీ కట్టినప్పుడు, కానుకల సంచి తిప్పినప్పుడు, ముగ్గురు పొరుగూరి దైవజనుల్ని పిలిచి తలా ఇరవై నిమిషాలు ఇచ్చినప్పుడు. భోజనం పెట్టాలనుకుంటే అన్నం, పప్పు, పచ్చడి. బిర్యానీ దేగిశా పొయ్యి మీద ఉంటే సగం మంది మనసు అక్కడే ఉంటుంది.

శరీరం దొరకని ఆ ఇంటికి ప్రకటన 20:13 చదవండి: ‘సముద్రము తనలోనున్న మృతులను అప్పగించెను’. సమాధి లేనివాళ్ల కోసమే రాసినట్టుంటుంది. సమాధుల తోటలో పేరు చెక్కిన చిన్న రాయి ఒకటి వేయించండి, వాళ్లకు వెళ్లి కూర్చోవడానికి ఒక చోటుండాలి. ఇంకో సంగతి. శరీరం లేకపోతే మరణ ధ్రువపత్రం తేలిగ్గా రాదు. ఏడేళ్లు ఆచూకీ లేకపోతే మరణించినట్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టం చెబుతుంది. అంతదాకా ఎఫ్‌ఐఆర్ నకలు, పడవ మీద వెంట వెళ్లినవారి వాంగ్మూలాలు, మత్స్యశాఖకు పెట్టిన అర్జీ భద్రంగా ఉండాలి. స్టేషనుకూ ఆఫీసుకూ తిరిగేటప్పుడు ఆ ఇల్లాలి వెంట సంఘపెద్ద ఒకరు వెళ్లాలి. మొరలో ఇదీ ఒక భాగమే.

ప్రశ్న (నెల్లూరు): మా నాయనమ్మ చావిళ్లలో రాగం తీసి శోకాలు పెడుతుంది. పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తుంది. మా సంఘంవాళ్ల ముందు సిగ్గుగా ఉంటోంది. అది అన్యాచారం కాదా?

జవాబు: యిర్మీయా 9వ అధ్యాయం చదవమ్మా. రోదనం చేసే స్త్రీలను పిలిపించమని అక్కడ చెబుతున్నది సాక్షాత్తు యెహోవాయే. కూతుళ్లకు రోదనం చేయడం, ఒకరికొకరు ‘అంగలార్పు విద్య’ నేర్పమన్నాడు. విద్య అన్న మాట చూశావా? మీ నాయనమ్మ దగ్గరున్నది అదే. సౌలు, యోనాతాను కోసం దావీదు కట్టిన విలాపాన్ని యూదావారికి నేర్పించమని ఆజ్ఞ ఇచ్చాడు. పోయినవాళ్లను పిలవడం అంటావా, ‘నా కుమారుడా అబ్షాలోమా’ అని దావీదు పిలిచింది పోయిన కొడుకునే. అది మృతులకు ప్రార్థన చేయడం కాదు, ప్రేమ వెంటనే ఊరుకోలేకపోవడం.

ధర్మశాస్త్రం వద్దన్నది ఒంటిని కోసుకోవడం. కాబట్టి తల బాదుకోవడం, శవం మీద పడి దొర్లడం మాత్రం పట్టి ఆపండి. ఆ వయసులో పక్కనే ఒకరు కూర్చోవాలి, మధ్యమధ్య నీళ్లు తాగించాలి, బీపీ బిళ్ల వేళ తప్పకుండా చూడాలి. తీరిగ్గా ఉన్న ఒకరోజు ఆమె శోకాల్లోని మాటలు అడిగి రాసుకో. ఆమె తర్వాత మీ ఇంట్లో అవి ఎవరికీ రావు.

ప్రశ్న (కొండపి): పొగాకు వేలంలో ధర పడిపోయి కౌలుకు తెచ్చిన డబ్బు కూడా రాలేదు. మనిషి పోలేదు కదా, డబ్బు కోసం ఇలా ఏడ్చి ప్రార్థన చేయడం లోకాశ కాదా?

జవాబు: యోవేలు 1వ అధ్యాయంలో పైరు పోయిన సేద్యగాళ్లనే రోదనం చేయమన్నాడు. ‘చేనిలోని పైరు పంటకు రాకపోయినను’ అని హబక్కూకు 3:17 మనవాళ్లు సాక్ష్యాల్లో గొప్పగా చెబుతారు, అదే ప్రవక్త 1:2లో ‘నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు’ అన్న సంగతి వదిలేస్తారు. మొదటి అధ్యాయం దాటకుండా మూడో అధ్యాయానికి ఎవరూ చేరలేదు.

ప్రార్థనలో అంకెలతో సహా చెప్పండి: ఎన్ని ఎకరాలు, ఎన్ని బ్యారన్లు (పొగాకు కాల్చే కొట్లు), ఎవరికెంత, ఏ వడ్డీకి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ చిట్టా దేవుని ముందు విప్పాక అదే కాగితం భార్య ముందు విప్పండి, తర్వాత బ్యాంకు మేనేజర్ దగ్గర పెట్టి గడువు పొడిగించమని అడగండి. ఇంట్లో దాచిన అప్పే మనిషిని మింగుతుంది. మీ ఉత్తరం చివరి వరుస మేం ప్రచురించలేదు. దానికి జవాబు కింద ఉంది, ఈ రోజే చదవండి.

ప్రశ్న (నెల్లూరు): వదిన పోయి ఎనిమిది నెలలైంది. అన్నయ్య స్నానం చేయడు, సరిగ్గా తినడు, ‘నేనూ దాని దగ్గరికే పోతా’ అంటాడు. ఇంకా ప్రార్థన పెంచాలా?

జవాబు: ప్రార్థన ఆపొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయొద్దు. ఏలీయా చచ్చిపోతానన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు ముందు వాక్యం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినమన్నాడు. మాటలు కొండ దగ్గరికి చేరాకే. దుఃఖంలో ఉన్న మనిషి ఏడుస్తాడు, మధ్యలో ఒక పూట నవ్వుతాడు, అన్నం తింటాడు, మళ్లీ ఏడుస్తాడు. వారాల తరబడి ఆ ఎగుడుదిగుడే లేకుండా ఒంటిని, తిండిని, పిల్లల్ని వదిలేసినా, చావు మాట ఎత్తినా, వస్తువులు పంచిపెడుతున్నా అది వైద్యం కావలసిన స్థితి.

ఈ పూటే పురుగుమందు డబ్బాలు, మందుబిళ్లలు ఇంట్లోంచి తీసేయండి. ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. రాసిచ్చిన మందులు పనిచేయడం మొదలుకావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే గుణం లేదని, లేదా కాస్త తేరుకోగానే స్వస్థత వచ్చిందని మానేయడం వల్లే ఎక్కువమందికి తిరగబెడుతుంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ప్రశ్న (ఇందుకూరుపేట): అమ్మ పోయాక ఇదే మొదటి ఈస్టర్. తెల్లవారుజామున అందరూ సమాధుల తోటకు వెళ్లి ‘క్రీస్తు లేచెను’ పాడతారు. నేను పాడలేను. వెళ్లకపోతే తప్పా?

జవాబు: తప్పేమీ లేదు, కానీ వెళ్లే మార్గం ఒకటుంది. శనివారం సాయంత్రమే ఒక్కరే వెళ్లండి, లేదా తోడబుట్టినవాళ్లతో. గడ్డి పీకి, సున్నం వేసి, కాసేపు కూర్చోండి. ఏడుపంతా అక్కడ అవనివ్వండి. ఆదివారం అందరూ చేరకముందే, నాలుగు గంటలకల్లా చేరండి. సమాధి దగ్గర నిలబడి ఏడుస్తున్న మగ్దలేనే మరియను దూతలు అడిగిందీ, లేచిన ప్రభువు అడిగిందీ ఒకటే ప్రశ్న: ‘అమ్మా, యెందుకు ఏడ్చుచున్నావు?’ ఆయన లేచాక కూడా ఆమె ఏడుస్తోంది, ఆయన గద్దించలేదు, అడిగాడు, తర్వాత పేరు పెట్టి పిలిచాడు. మీరు పాడకపోయినా పక్కవాళ్లు పాడతారు. కొవ్వొత్తులకు గాజు చిమ్నీలు గానీ, అడుగున కాస్త ఇసుక పోసిన కోసిన సీసాలు గానీ తీసుకెళ్లండి. ఆ వేళకు సముద్రపు గాలి గట్టిగానే ఉంటుంది.